తుఫాను హెచ్చరిక రాసే చేతులు ఎవరివి?

రెండేళ్ళ కిందట, భీమిలి దాటాక వచ్చే ఒక మత్స్యకార గ్రామంలో ఎండుచేపల పని చేసే స్త్రీలతో కూర్చుని వున్నాను. ఇసుక మీద పాత వలలు పరిచి నెత్తళ్ళు ఆరబోశారు. నా చేతిలో ప్రశ్నల కాగితం వుంది. సగం ప్రశ్నలు కూడా పూర్తి కాకముందే సముద్రం వైపునుంచి మబ్బు కమ్ముకొచ్చింది. అందరూ లేచి పరుగెత్తారు. గంపలు, తట్టలు, టార్పాలిన్లు, చీర కొంగులు, ఏది దొరికితే దాంట్లోకి చేపలు ఎత్తారు. ఎత్తినంత ఎత్తారు, మిగిలింది తడిసింది. పావుగంట కురిసి వాన వెళ్ళిపోయింది. తడిసిన చేప మళ్ళీ ఎండినా రంగు మారుతుంది, వాసన మారుతుంది, సంతలో ధర పలకదు. ఆ చేపని వేలంలో కొనడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం వానకి తడవదు.

తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్న ఒక పెద్దామె నన్నడిగింది: "మా ఆయన సముద్రం మీదుంటే ఆయనకి ఫోన్లో సెప్తారు, గాలొస్తాది ఎల్లొద్దని. ఒడ్డు మీదున్న నాకెవులు సెప్తారమ్మా? ఆ సెప్పీవోళ్ళలో ఆడోళ్ళున్నారా అసలు?"

వున్నారు అని చెప్పాను. అబద్ధం కాదు. హైదరాబాద్ వాతావరణ కేంద్రానికి కె. నాగరత్న, అమరావతి కేంద్రానికి స్టెల్లా సంచాలకులుగా పనిచేసిన సంవత్సరాల్లో వానల గురించి, వడగాడ్పుల గురించి వాళ్ళు చెప్పిన మాటలే మన పేపర్లలో రోజూ వచ్చేవి. కానీ ఆమె అడిగింది పై కుర్చీలో ఎవరున్నారని కాదు. తన పని తెలిసినవాళ్ళు, తన ప్రశ్న వేయగలిగినవాళ్ళు ఆ గదుల్లో వున్నారా అని. ఆ ప్రశ్న వెంట పడి నేను కొంత చదివాను, వాతావరణ శాఖలోనూ సముద్ర పరిశోధనలోనూ పనిచేస్తున్న, పనిచేసి మానేసిన కొంతమంది స్త్రీలతో మాట్లాడాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చింది.

మనం స్త్రీల ఉద్యోగాల గురించి మాట్లాడేటప్పుడు అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు, నర్సులు, టీచర్ల దగ్గర ఆగిపోతాం. అది తప్పనను, మన ఉద్యమాల బలం అక్కడే వుంది. అయితే గాలినీ సముద్రాన్నీ కొలిచే ప్రభుత్వోద్యోగాలు మన చర్చల్లోకి రావు. అవేవో శాస్త్రవేత్తల వ్యవహారాలు అనుకుంటాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు చనిపోయినవారి సంఖ్య పదివేలు దాటింది. మా అమ్మమ్మ చెల్లెలిది అవనిగడ్డ దగ్గర ఊరు. రేడియోలో హెచ్చరిక వచ్చిందట. ఆ రేడియో వున్నది మగవాళ్ళు కూర్చునే అరుగు మీద. ఆమె ఆ మాట విన్నది గాలి మొదలయ్యాక. 1991లో బంగ్లాదేశ్ తుఫానులో దాదాపు 1,40,000 మంది చనిపోతే, అందులో పెద్ద వయసు స్త్రీలు అదే వయసు మగవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 2004 సునామీలో తమిళనాడు కడలూరు జిల్లాలో మరణించిన స్త్రీలు పురుషులకంటే రెండున్నర రెట్లకు పైగా వున్నారని ఆక్స్‌ఫామ్ 2005లో చెప్పింది. చాలామంది మగవాళ్ళు ఆ ఉదయం పడవల్లోనో పట్నంలోనో వున్నారు, స్త్రీలు చేపలకోసం ఒడ్డున ఎదురు చూస్తున్నారు. కాబట్టి హెచ్చరిక ఎవరు తయారుచేస్తారు, ఎవరి రోజువారీ జీవితాన్ని ఊహించుకుని తయారుచేస్తారు అనేది మనకి సంబంధం లేని విషయం కాదు.

ఈ దేశంలో వాతావరణ శాఖ 1875లో మొదలైంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) 1999లో వచ్చింది. 2006లో భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ ఏర్పడి వీటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. సునామీ తర్వాత 2007లో ఇన్‌కాయిస్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. ఫలితాలు కళ్ళముందున్నాయి: 1999 ఒడిశా తుఫానులో సుమారు పదివేలమంది పోయారు, 2013లో అదే తీరాన్ని తాకిన ఫైలిన్‌లో మృతులు పదుల్లోనే. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఇటీవల డబ్బు కూడా బాగానే వస్తోంది. 2021లో డీప్ ఓషన్ మిషన్‌కి 4,077 కోట్లు, 2024 సెప్టెంబరులో మిషన్ మౌసమ్‌కి 2,000 కోట్లు మంజూరయ్యాయి. రాడార్లు, ఉపగ్రహాలు, సూపర్ కంప్యూటర్లు, ఆరు వేల మీటర్ల లోతుకి ముగ్గురు మనుషుల్ని తీసుకుపోయే మత్స్య 6000 వాహనం. ప్రకటనల్లో యంత్రాల జాబితా ఎంత పొడుగ్గా వుంటుందో! వాటి ముందు రాత్రింబవళ్ళు కూర్చునే మనుషుల్ని ఎలా ఎంచుకుంటారు, ఎలా నిలబెట్టుకుంటారు అనేదానికి ఒక పేరా కూడా దక్కదు.

స్త్రీలు ఈ రంగంలో కొత్తవాళ్ళేం కాదు. నా పేరు ముందు డాక్టర్ అని చూసుకున్నప్పుడల్లా నాకు అన్నా మణి గుర్తొస్తారు. 1918లో తిరువాన్కూరులోని పీరుమేడులో పుట్టిన ఆమె బెంగళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, పరిశోధన పత్రాలు ప్రచురించి, 1945లో సిద్ధాంతవ్యాసం సమర్పించారు. ఎం.ఎస్సీ. డిగ్రీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె లండన్ వెళ్ళి వాతావరణ పరికరాల విద్య నేర్చుకుని 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరారు. అప్పటిదాకా చిన్న చిన్న పరికరాలు కూడా బయటినుంచే దిగుమతి అయ్యేవి. సుమారు వంద పరికరాలకు నమూనా చిత్రాలు తయారుచేయించి ఇక్కడే ఉత్పత్తి మొదలుపెట్టించారు. సౌర వికిరణం కొలిచే కేంద్రాలు నెలకొల్పారు. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యారు. రామన్ ప్రయోగశాలలో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకరితో ఒకరు మాట్లాడనివ్వకుండా ఎంత కట్టుదిట్టంగా వేరుచేసేవారో ఆభా సుర్ తన పరిశోధనలో వివరంగా రాశారు. విచిత్రమేమిటంటే, స్త్రీ అయినందువల్ల తనకేదో అన్యాయం జరిగిందన్న మాటని అన్నా మణి ఒప్పుకునేవారు కాదు. మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రాదు. ఆ తరంలో ఆ తలుపు దాటిన స్త్రీ, దాటాక కూడా 'నేను ఆడదాన్ని' అని గుర్తుచేస్తే, ఎందుకు గుర్తుచేసిందని అడిగేవాళ్ళే చుట్టూ వున్నారు.

ఇవాళ తలుపు తెరిచే వుంది అంటారు. ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో చూద్దాం. వాతావరణ శాఖలో అసలు బరువు మోసేది సైంటిఫిక్ అసిస్టెంట్లు. పరిశీలనలు తీసుకోవడం, బెలూన్లు వదలడం, పటాలు గీయడం, బులెటిన్ తయారీలో సాయపడటం వాళ్ళ పని. ఈ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2017లో 1,102 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. తర్వాతది 2022లో, 990 పోస్టులకు. మధ్యలో అయిదేళ్ళు. వయోపరిమితి ముప్పయ్యేళ్ళు. అయిదేళ్ళంటే ఒక మగపిల్లవాడికి ఇంకో రెండు పరీక్షలు రాసుకునే కాలం. మన ఇళ్ళల్లో డిగ్రీ పాసైన ఆడపిల్లకి ఆ అయిదేళ్ళలో ఏమవుతుందో పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళకి పరీక్ష ఫీజు వంద రూపాయలు మినహాయించారు, సంతోషం! మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్త్రీలకు ముప్పై శాతం కేటాయించిన నిబంధనని సుప్రీంకోర్టు 1995లోనే విజయకుమార్ కేసులో సమర్థించింది. కేంద్ర ప్రభుత్వ పోస్టుల్లో అలాంటి సమాంతర రిజర్వేషన్ లేదు. గ్రామ సచివాలయంలో పనిచేసే పోస్టులో స్త్రీకి వాటా వుండి, ఆ సచివాలయానికి తుఫాను హెచ్చరిక పంపే ఆఫీసులో లేకపోవడాన్ని మనం ఎన్నడైనా ప్రశ్నించామా?

పరీక్ష దాటాక డ్యూటీ చార్టు వస్తుంది. ఆకాశానికి ఆఫీసు వేళలు లేవు. ప్రపంచమంతా ఒకే గడియారం ప్రకారం మూడేసి గంటలకోసారి పరిశీలన తీసుకోవాలి. మన కాలమానంలో అది పొద్దున అయిదున్నర, ఎనిమిదిన్నర, పదకొండున్నర, అలా తిరిగి రాత్రి పదకొండున్నర, రెండున్నర. పై గాలుల్ని కొలిచే బెలూను తెల్లవారకముందే నింపాలి. తుఫాను దగ్గరపడితే గంటగంటకీ బులెటిన్. నేను మాట్లాడిన ఒక ఉద్యోగిని చెప్పిన సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. ఆమె చేరిన కొత్తలో ఆమె పనిచేసిన చోట స్త్రీలకు రాత్రి డ్యూటీ లేదు. ఎవరూ అడగకుండానే పై అధికారి దయతో ఇచ్చిన మినహాయింపు. విశ్రాంతి గది ఒక్కటే, దాని మరుగుదొడ్డికి లోపల గడియ లేదు, రాత్రి రావడానికి పోవడానికి బండి లేదు. గడియ పెట్టించడం, బండి ఏర్పాటు చేయడం కంటే మినహాయింపు చవక. రెండేళ్ళకి ఏం జరిగింది? రాత్రి డ్యూటీలు నెత్తిన పడ్డ మగ సహోద్యోగులు వీళ్ళతో మాట్లాడటం మానేశారు. తుఫాను వచ్చినప్పుడు, అంటే ఆ వృత్తిలో నిజంగా నేర్చుకునేది జరిగే రాత్రుల్లో, ఈమె ఇంట్లో వుంది. తర్వాత ఫోర్‌కాస్టింగ్ విభాగంలోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు, ఈమెకి తుఫాను అనుభవం లేదన్నారు. "నేను అడగని దయకి నేనే మూల్యం చెల్లించాను మేడమ్" అందామె. చివరికి నలుగురు స్త్రీలు కలిసి రాత్రి డ్యూటీ మాకూ వేయండి, ముందు గది, బండి ఏర్పాటు చేయండి అని రాతపూర్వకంగా అడిగారు. గది వచ్చింది. బండి రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

రక్షణ పేరుతో పనినుంచి దూరం చేయడం మనకి కొత్త కాదు. ఫ్యాక్టరీల చట్టంలో స్త్రీల రాత్రి పని మీద వున్న నిషేధాన్ని మద్రాసు హైకోర్టు 2000లో కొట్టేసినప్పుడు మన వాళ్ళలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. కోర్టు మాట తీసుకుని యజమానులు ఏ భద్రతా లేకుండా రాత్రి పని చేయిస్తారన్న భయం న్యాయమైనదే. నా అభిప్రాయం మటుకు స్పష్టం. నిషేధమూ కాదు, దిక్కులేని స్వేచ్ఛా కాదు. రాత్రి పని హక్కు, దానితోపాటు గది, గడియ, బండి, పసిపిల్లల తల్లికి ముందుగా తెలిసే చార్టు. ఇవన్నీ కలిసి ఒకే హక్కు.

రాత్రి డ్యూటీకి బండి లేదంటారు. సముద్రం దగ్గరికి వస్తే బెర్తు లేదంటారు. సముద్ర శాస్త్రం చదవడానికి తెలుగు దేశం తక్కువ చోటేమీ కాదు. 1950లలోనే అమెరికానుంచి యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి విశాఖ తీరంలో పరిశోధనలు చేయించారు. అప్పటినుంచి ఆ చదువు విశాఖలో వుంది. 1983లో మూడవ అంటార్కిటికా యాత్రలో భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తాతోపాటు వెళ్ళిన ఆదితి పంత్ సముద్ర శాస్త్రవేత్తే. భారత యాత్రా బృందాలతో ఆ ఖండం మీద కాలుపెట్టిన మొదటి స్త్రీలు వాళ్ళిద్దరే. హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రంనుంచి వెళ్ళిన మంగళా మణి యాభై ఆరేళ్ళ వయసులో అంటార్కిటికా భారతి కేంద్రంలో 403 రోజులు గడిపి 2017 చివర తిరిగొచ్చారు. ఇవి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కదగ్గ సంగతులు. ఎక్కని సంగతి ఒకటి చెప్తాను.

నా స్నేహితురాలు ఒకామె సముద్ర శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి ఒక పరిశోధన సంస్థలో ఫెలోగా చేరింది. ఆమె అంశానికి బంగాళాఖాతంలో వివిధ లోతుల్లోంచి తీసిన నీటి నమూనాలు కావాలి. నౌక మీద ఇరవై అయిదు రోజుల యాత్ర. కేబిన్‌లో ఇద్దరికి చోటు. ఆ యాత్రకి వెళ్ళదలిచిన స్త్రీ ఈమె ఒక్కతే. ఒక్క స్త్రీకి కేబిన్ ఇస్తే రెండో బెర్తు వృథా అన్నారు. 'ఇంకొక అమ్మాయి దొరికితే ఇద్దరూ వెళ్ళండి' అన్నారు, పెళ్ళికి తోడు వెతుక్కున్నట్టు. మూడు యాత్రలు అలా పోయాయి. ఆమె తరఫున ఒక కుర్రవాడు నమూనాలు తెచ్చిపెట్టాడు, మంచివాడే, జాగ్రత్తగానే తెచ్చాడు. అయినా వ్యాసం మీద మొదటి పేరు అతనిదైంది, ఎందుకంటే సముద్రం మీదికి వెళ్ళింది అతను. నౌక మీద గడిపిన రోజులు లేవు కాబట్టి శాస్త్రవేత్త పోస్టు ఇంటర్వ్యూలో ఆమెకి క్షేత్రానుభవం లేదు. ఆమె ఇప్పుడు ఒక ఇంటర్మీడియట్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తోంది. ఆ పాఠాలు చాలా బాగా చెప్తుందని విన్నాను. ఇందులో ఎవరూ దుర్మార్గులు లేరు. ఎవరూ ఆమెని అవమానించలేదు. లెక్క ప్రకారం ఒక బెర్తు ఆదా చేశారు, అంతే.

2020 మార్చిలో నావికాదళ మహిళా అధికారుల కేసులో, అనీ నాగరాజ తీర్పులో, ఇదే వాదన సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కొన్ని నౌకల్లో స్త్రీలకు మరుగుదొడ్లు లేవు కాబట్టి సముద్ర విధులకు పనికిరారని ప్రభుత్వం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. మరుగుదొడ్డి లేకపోవడం నౌక లోపం, స్త్రీ లోపం కాదు. ఆ తీర్పు సైనిక దుస్తుల్లో వున్నవాళ్ళకి ఇచ్చినది. దాని తర్కాన్ని పరిశోధన నౌకల బెర్తుల దాకా తీసుకురావాల్సింది మనం. సాగర్ కన్య నౌక 1983లో వచ్చింది, సాగర్ నిధి 2008లో. కొత్త నౌక కట్టించే ప్రతిసారీ కేబిన్ల పటం గీసే బల్ల దగ్గర ఒక స్త్రీ వుండాలని అడగడం పెద్ద కోరికా?

ఇక కాంట్రాక్టు. ఈ సంస్థల్లో ప్రాజెక్టు అసోసియేట్, ప్రాజెక్టు సైంటిస్టు పేర్లతో ఏడాదికోసారి రెన్యువల్ మీద పనిచేసేవాళ్ళు చాలామంది. గర్భం వచ్చిన సంగతి రెన్యువల్ అయ్యేదాకా దాచిపెట్టానని ఇద్దరు నాతో అన్నారు. శాశ్వత ఉద్యోగినికి ఆరు నెలల ప్రసూతి సెలవు, రెండేళ్ళ శిశు సంరక్షణ సెలవు. పక్క కుర్చీలో అదే పని చేసే కాంట్రాక్టు మనిషికి భయం. కాంట్రాక్టు ఎంత తేలిగ్గా తెగుతుందో 2024లో చూశాం. రైతులకు వాతావరణ సలహాలివ్వడానికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాల్ని ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి మూసేయమని ఉత్తర్వు వచ్చింది. ఒక్కో విభాగంలో ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు. యంత్రాలు లెక్కలు పంపుతాయి కదా, మనుషులెందుకు అన్నది ఆలోచన. యంత్రం వానని లెక్కిస్తుంది నిజమే. ఆ వాన మిరప కల్లంలో పనిచేసే కూలి స్త్రీకి ఏమవుతుందో ఆ జిల్లాలో తిరిగిన మనిషికే తెలుస్తుంది.

మనదొక్కటే కాదు ఈ కథ. అమెరికా వాతావరణ శాఖలో 1941లో పరిశీలన, సూచన పనుల్లో వున్న స్త్రీలు ఇద్దరే. యుద్ధానికి మగవాళ్ళు వెళ్ళిపోగా 1945 నాటికి ఆ సంఖ్య తొమ్మిది వందలు దాటింది. నాలుగేళ్ళలో స్త్రీల మెదడు మారిపోయిందా? అవసరం వచ్చి తలుపు తీశారు. ఆ యుద్ధకాలంలో సైనిక విద్యార్థులకు వాతావరణ పాఠాలు చెప్పిన జోన్ సింప్సన్, యుద్ధం అయ్యాక ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళక, 1949లో ఆ దేశంలో ఈ శాస్త్రంలో డాక్టరేటు పొందిన మొదటి స్త్రీ అయ్యారు. అదే దేశంలో 2025 ఫిబ్రవరిలో సముద్ర, వాతావరణ సంస్థ వందలమంది ప్రొబేషనరీ ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో తీసేసింది. కొత్తగా చేరినవాళ్ళే ముందు పోతారు. ఏ రంగంలోకైనా ఆలస్యంగా అడుగుపెట్టినవాళ్ళు ఎవరో మనకి తెలుసు.

'గాలికి ఆడా మగా వుంటుందా?' అని ఒక శాస్త్రవేత్త మిత్రుడు నవ్వుతూ అడిగాడు. గాలికి వుండదు. ఏ గాలిని కొలవాలి, ఎవరికి చెప్పాలి అన్న నిర్ణయానికి వుంటుంది. ఇన్‌కాయిస్ ఏళ్ళుగా చేపలు దొరికే చోట్ల సమాచారం ఇస్తోంది, అది విలువైనది, డీజిలు ఆదా అవుతుంది. ఆ సేవ ఊహించుకున్న మత్స్యకారుడు పడవ మీదున్న మగవాడు. ఎండబెట్టే, ఉప్పేసే, నెత్తిన గంప పెట్టుకుని అమ్మే స్త్రీ ఆ ఊహలో లేదు. మూడు గంటల ముందు వాన కబురు చెప్పే ఏర్పాటు వాతావరణ శాఖకి వుంది. అది చేరేది ఫోనుకి, ఆ ఫోను మొగుడి జేబులో సముద్రం మీద వుంటుంది. రోజూ ఎండుచేపల ఇసుక మీదుగా నడిచి స్కూలుకి వెళ్ళిన ఒక పిల్ల ఆ గదిలో వుద్యోగిగా కూర్చుని వుంటే, ఈ లోటు కనిపెట్టడానికి నాలాంటివాళ్ళ సర్వే అవసరమయ్యేదా?

నా మీద నాకే ఒక అనుమానం కూడా వుంది. స్త్రీల సంఖ్య పెరగాలని అడిగినప్పుడు లోపలికి వెళ్ళేది నాలాంటి ఇళ్ళ ఆడపిల్లలే కావచ్చు, ట్యూషనుకీ కోచింగ్‌కీ డబ్బున్నవాళ్ళు. సంఖ్య సరిపోతుంది, ఒడ్డు ప్రశ్న అలాగే వుంటుంది. అందుకే పరీక్ష ప్రకటన ఏటా రావాలనీ, కేంద్ర పోస్టుల్లో స్త్రీలకు వాటా వుండాలనీ, కాంట్రాక్టువాళ్ళకీ ప్రసూతి సెలవు సమానంగా వుండాలనీ అడిగేటప్పుడు, తీర గ్రామాల ఆడపిల్లలకి ఇంటర్ దశనుంచే ఉపకార వేతనం, హాస్టలు కూడా అదే కాగితం మీద రాయాలి.

ఇంటర్ అని ఎందుకంటున్నానంటే, ఆ పెద్దామె మనవరాలు అప్పుడు పదో తరగతి. నేను వెళ్ళబోతుంటే వెనకే వచ్చి, ఆ ఆఫీసులో పనికి ఏం చదవాలని అడిగింది. డిగ్రీ కావాలి, దానికంటే ముందు ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు వుండాలి, లేకపోతే ఆ పరీక్ష రాయనివ్వరు అని చెప్పాను. తమ ఊరి అమ్మాయిలు వెళ్ళే కాలేజీలో ఎంపీసీ లేదట, సీఈసీ ఒక్కటే వుందట. ఎంపీసీ వున్న కాలేజీకి రెండు బస్సులు మారాలి, సాయంత్రం బస్సు ఆరున్నరకి. నిరుడు ఫోను చేసి కనుక్కున్నాను. సీఈసీలో చేరింది.